ఇంటి సంగతి ఎవరిని అడగాలి?

పెళ్లి గురించి, సంసారం గురించి తెలియనివాళ్లు ఎవరుంటారు? అందరం ఏదో ఒక ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లమే. సామాజిక శాస్త్రవేత్తలు కుటుంబాన్ని అధ్యయనం చేస్తారంటే, అందులో కొత్తగా తెలుసుకోవడానికి ఏముంటుందని చాలామంది అనుకోవడం అందుకే. నిజానికి ఈ శాస్త్రానికి ఎదురయ్యే మొదటి కష్టం అదే. గ్రహాల సంగతి అడిగితే మాకు తెలియదని ఒప్పుకుంటాం. కుటుంబం సంగతి అడిగితే మాత్రం ప్రతి ఒక్కరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబులో నిజంగా జరిగేది ఎంత, జరగాలని కోరుకునేది ఎంత, పరువు కోసం పైకి చెప్పేది ఎంత అన్నది తేల్చాలంటే చాలా ఓపిక కావాలి, నేర్పు కావాలి.

ఆ పని నూటయాభై ఏళ్లకు పైగా సాగుతోంది. ఎంతోమంది ఎన్నో పద్ధతులు కనిపెట్టారు. వాటన్నిటినీ చూస్తే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఒక్క ప్రశ్న. ఇంటి సంగతి ఎవరిని అడిగారు? ఈ పూట నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే.

అసలు కుటుంబం అంటే ఎవరెవరు? మన జనగణన దీనికి ఒక సూటి కొలబద్ద పెట్టుకుంది. మామూలుగా కలిసి ఉంటూ, ఒకే వంటింట్లో వండింది తినేవాళ్లంతా ఒక కుటుంబం. అంటే లెక్క పొయ్యిని బట్టి. గుంటూరు జిల్లాలో ఒక ఇల్లు ఊహించుకోండి. ఒకే ప్రహరీ, ఒకే గేటు. ముందు భాగంలో తల్లిదండ్రులు, చిన్నకొడుకు, చిన్నకోడలు. వెనక భాగంలో పెద్దకొడుకు, భార్య, పిల్లలు. వాళ్లు వేరే పొయ్యి పెట్టుకుని రెండేళ్లయింది. పొలం మాత్రం ఇంకా పంచుకోలేదు. పంట డబ్బు తండ్రి చేతికే వస్తుంది. నడిమివాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ నెలనెలా ఇంటికి డబ్బు పంపుతాడు. పండగకీ పబ్బానికీ, పెళ్లికీ చావుకీ అందరూ ఒకటే. జనగణన లెక్కలో వీళ్లు మూడు కుటుంబాలు. ఊరివాళ్ల లెక్కలో ఒకటే ఇంటివాళ్లు. రెండు లెక్కలూ నిజమే.

ఈ రెండు లెక్కలనూ కలిపేయడం వల్లే మనం ఎన్నో తప్పుడు మాటలు మాట్లాడతామని గట్టిగా చెప్పినవారు ఎ.ఎం.షా. గుజరాత్ పల్లెల్లో పనిచేసిన ఈ సామాజిక శాస్త్రవేత్త 1973లో భారతీయ కుటుంబం మీద ఒక పుస్తకం తెచ్చారు. ఒకే ఊరికి సంబంధించి 19వ శతాబ్దం తొలినాళ్ల రికార్డులను, తాను స్వయంగా ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకప్పుడు అందరివీ ఉమ్మడి కుటుంబాలేననీ, పట్నాలు, ఇంగ్లీషు చదువులు వచ్చి అవి చెదిరిపోయాయనీ మనం చెప్పుకునే కథ ఆ లెక్కల ముందు నిలవలేదు. ఆ పాత కాలంలోనూ చిన్న ఇళ్లు తక్కువేమీ కావు.

కొంచెం ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. 1911 నుంచి 1921 దాకా, ఇన్‌ఫ్లుయెంజా విరుచుకుపడిన ఆ దశాబ్దంలో, మన దేశంలో సగటు ఆయుర్దాయం 20 ఏళ్ల చుట్టుపక్కలే. మూడు తరాలు ఒక కప్పు కింద ఉండాలంటే ముందు తాతా నాయనమ్మా బతికి ఉండాలి కదా. ఇప్పుడు మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు. పెళ్లయిన కొడుకు తల్లిదండ్రులతో కొన్నాళ్లు కలిసి ఉండటం, తమ్ముడి పెళ్లయ్యాక వేరు కాపురం పెట్టడం, తండ్రి పోయాక తల్లిని తెచ్చుకోవడం, ఇలా ఒకే కుటుంబం ఒక్కో దశలో ఒక్కో రూపంలో కనిపిస్తుంది. సర్వే వాళ్లు వచ్చిన రోజున అది ఏ దశలో ఉంటే ఆ పేరుతో కాగితం మీదికి ఎక్కుతుంది.

హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట సంగతి ఇక్కడ చెప్పాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న శ్యామాచరణ్ దూబే, వివిధ శాఖలవాళ్లను వెంటబెట్టుకుని 1951-52లో ఆ ఊళ్లో అధ్యయనం చేశారు. 1955లో అది ‘ఇండియన్ విలేజ్’ అనే పుస్తకంగా వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో ఒక పల్లెను మొత్తంగా పరిశీలించి రాసిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. ఎన్నో దేశాల్లో విద్యార్థులు భారతీయ గ్రామం అంటే ఏమిటో మన తెలంగాణ పల్లె ద్వారానే తెలుసుకున్నారు. అన్నదమ్ములు కలిసుండటమే మేలని ఆ ఊళ్లో అందరూ అన్నారు. ఆచరణలో మాత్రం పెళ్లయిన కొద్ది ఏళ్లకే కొడుకులు వేరుపడటం మామూలని దూబే చూశారు. మాట, నడత రెండింటినీ రాసుకోవడమే అక్కడ శాస్త్రం చేసిన పని. మాటను మాత్రమే రాసుకుని ఉంటే శామీర్‌పేట అంతా ఉమ్మడి కుటుంబాలతో నిండి ఉన్నట్టు మిగిలేది.

ఇక బంధుత్వాల అధ్యయనానికి వద్దాం. దీని పుట్టుకలోనే మన భాషకు చోటుంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ పట్టణంలో లూయీ హెన్రీ మోర్గన్ అనే న్యాయవాది ఉండేవాడు. పొరుగున ఉన్న సెనెకా ఆదివాసులు బంధువులను పిలుచుకునే తీరు అతన్ని ఆశ్చర్యపరిచింది. తండ్రి సోదరుణ్ణి వాళ్లు తండ్రి అనే అంటారు. తల్లి సోదరిని తల్లి అనే అంటారు. వాళ్ల పిల్లలు అన్నలూ చెల్లెళ్లూ అవుతారు. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు మాత్రం అలా కారు. మోర్గన్ పెద్ద ప్రశ్నల పట్టిక తయారుచేసి ప్రపంచం నలుమూలలా మిషనరీలకూ, దౌత్య ఉద్యోగులకూ పంపాడు. దక్షిణ భారతం నుంచి తమిళం, తెలుగు, కన్నడ పట్టికలు నిండి వచ్చాయి. చూస్తే, సప్తసముద్రాల అవతల ఇక్కడా అదే అమరిక. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని. వాళ్ల పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు అయితే బావలు, మరదళ్లు. 1871లో స్మిత్సోనియన్ సంస్థ అచ్చువేసిన ఆ మహాగ్రంథంతోనే బంధుత్వ అధ్యయనం ఒక శాస్త్రంగా నిలబడింది. దాని నుంచి మోర్గన్ తీసిన కొన్ని నిర్ధారణలు తర్వాత వీగిపోయాయి. అతను కూడబెట్టిన సమాచారం, అడిగిన పద్ధతి నిలిచాయి.

ఆ అమరిక వెనక ఉన్నది మేనరికం. పుణెలో పనిచేసిన ఇరావతి కార్వే 1953లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని ఎంతో చక్కగా విప్పి చెప్పారు. ఆమె దేశమంతటి నుంచీ బంధుత్వ పదాలు, సామెతలు, జానపద గీతాలు సేకరించి, వాటిని సాక్ష్యాలుగా వాడుకున్నారు. ఉత్తరాదిలో ఆడపిల్లను తెలియని ఊరికి, తెలియని మనుషుల మధ్యకు పంపుతారు. దక్షిణాదిలో చాలా కులాల్లో పిల్ల మేనమామ ఇంటికో, మేనత్త ఇంటికో కోడలుగా వెళుతుంది. చిన్నప్పుడు సెలవులకు వెళ్లిన ఇల్లే అత్తిల్లు అవుతుంది. ఈ తేడా ఆడవాళ్ల జీవితాన్ని ఎలా మారుస్తుందన్నది 1983లో టిమ్ డైసన్, మిక్ మూర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రసిద్ధ వ్యాసంలో వాదించారు. పుట్టింటితో రాకపోకలు తెగిపోని చోట ఆడవాళ్లకు కాస్త స్వతంత్రం మిగులుతుందనీ, దాని ప్రభావం కాన్పుల సంఖ్య మీద, పసిపిల్లల మరణాల మీద కూడా పడుతుందనీ చెప్పారు.

మేనరికాలు పోయాయని నగరాల్లో అనుకుంటూ ఉంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు నూటికి 11 దాకా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు. పుట్టే బిడ్డల్లో జన్యుపరమైన జబ్బుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు హెచ్చరిస్తున్నా ఆచారం ఇంకా బలంగానే ఉంది. ఆస్తి బయటికి పోకూడదన్న లెక్క ఉంది. తెలిసినవాళ్ల ఇంట్లో పిల్ల సుఖపడుతుందన్న ఆశ కూడా ఉంది. తల్లిదండ్రుల ఆ ఆశను తేలిక చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఎవరిని అడిగారు?

చాలాకాలం ఇంటి యజమానిని అడిగారు. ఆదాయం ఎంత, ఖర్చు ఎంత, ఎంతమంది పిల్లలు అన్నవన్నీ ఆయనే చెప్పాడు. అర్థశాస్త్రం కూడా అలాగే నడిచింది. కుటుంబాన్ని ఒకే మనసున్న ఒకే మనిషి లాగా లెక్కల్లోకి తీసుకుంది. షికాగో అర్థశాస్త్రవేత్త గ్యారీ బెకర్ 1981లో కుటుంబం మీద రాసిన గ్రంథంలో, ఇంటి పెద్దకు అందరి మేలూ పట్టింది కాబట్టి ఇంట్లో అందరూ అందరికీ మేలయ్యే పనే చేస్తారని సూత్రీకరించాడు. ఆయనకు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. పెళ్లినీ పిల్లలనూ అర్థశాస్త్రంలోకి తెచ్చిన మేధావి ఆయన. అందులో సందేహం లేదు. కానీ ఒకే ఇంట్లో అన్నకు పాలు, చెల్లికి మజ్జిగ దొరకడాన్ని ఆ సూత్రం వివరించలేదు.

అమర్త్య సేన్ దీన్ని ఎదుర్కొన్నారు. కుటుంబంలో సహకారమూ ఉంటుంది, సంఘర్షణా ఉంటుంది, రెండూ ఒకే చోట ఒకే సమయంలో ఉంటాయని ఆయన వాదన. ఆయన చూపించిన ఒక పాత లెక్క చదివినప్పటి నుంచి నన్ను వదల్లేదు. 1943 బెంగాల్ కరువు తర్వాతి ఏడు, కలకత్తా దగ్గర సింగూరులో ఒక ఆరోగ్య సర్వే జరిగింది. మీ ఆరోగ్యం ఎలా ఉందని అందరినీ అడిగారు. భార్య పోయిన మగవాళ్లలో దాదాపు సగం మంది బాగాలేదని అన్నారు. భర్త పోయిన ఆడవాళ్లలో ఆ మాట అన్నది నూటికి ముగ్గురు కూడా లేరు. కరువు తర్వాత బెంగాల్ పల్లెలో వితంతువు ఆరోగ్యం మగవాళ్ల కన్నా బాగుండి ఉంటుందా? తన ఒంటికి కూడా ఒక బాగోగు ఉంటుందని, దాని గురించి ఎవరైనా అడిగితే చెప్పవచ్చని వాళ్లకు ఎవరూ నేర్పలేదు. అంటే సరైన మనిషిని అడిగినంత మాత్రాన చాలదు. ఆ మనిషి జవాబు చెప్పగలిగేలా అడగాలి.

అలా అడగడం ఎలాగో నేర్చుకోవడానికి శాస్త్రానికి చాలాకాలం పట్టింది. లీలా దూబే, శ్యామాచరణ్ దూబే గారి భార్య, స్వయంగా గొప్ప మానవశాస్త్రవేత్త. ఆమె గోండు స్త్రీల మధ్య పనిచేశారు. లక్షద్వీప్‌లోని కల్పేని దీవిలో, తల్లి వైపు నుంచి వంశం లెక్కించే ముస్లింల మధ్య పనిచేసి 1969లో పుస్తకం రాశారు. 1988లో ఆమె రాసిన ఒక వ్యాసం ఆడపిల్లల పెంపకం మీద. ఎలా కూర్చోవాలి, ఎంత గట్టిగా నవ్వవచ్చు, వడ్డించేటప్పుడు తన కోసం ఏం మిగుల్చుకోవాలి, పుట్టింట్లో తాను కొన్నాళ్ల చుట్టమేనని ఏ మాటల్లో వింటుంది. ఇవి ఏ యజమానిని అడిగినా తెలిసేవి కావు. ఇంట్లో ఉండి, చెవిన వేసుకుని, కంటితో చూసి రాసుకోవలసినవి. మేరీలాండ్ విశ్వవిద్యాలయం, ఢిల్లీలోని జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి కలిసి 2004-05లో దేశమంతటా 41,554 కుటుంబాల్లో చేసిన సర్వేలో ఇలాంటి ఒక ప్రశ్న చేర్చారు. మీ ఇంట్లో అందరూ కలిసి తింటారా, మగవాళ్లు తిన్నాక ఆడవాళ్లు తింటారా? ఎంత చిన్న ప్రశ్న. ఎన్ని సంగతులు అందులో.

పెళ్లి వయసు సంగతే చూడండి. పదహారేళ్ల పిల్లకు పెళ్లి చేసిన ఇంటికి వెళ్లి వయసెంత అంటే పద్దెనిమిది నిండాయనే చెబుతారు, చట్టం భయం ఉంటుంది కాబట్టి. అందుకే సర్వేలు 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లను, నీ పెళ్లి ఎప్పుడయింది, కాపురానికి ఎప్పుడు వెళ్లావు అని అడుగుతాయి. పుట్టిన తేదీలు తెలియని పెద్దవాళ్లతో అయితే ఊరికి గుర్తున్న సంఘటనలు ఆసరా అవుతాయి. కృష్ణా తీరంలో దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా అంటే, 1977 అన్నది తెలియకపోయినా తన చంకలో అప్పుడు ఏ బిడ్డ ఉందో ఏ తల్లీ మరచిపోదు. 2019-21 సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3. చదువుల్లో, ఉద్యోగాల్లో ముందున్నామని చెప్పుకునే మన రెండు రాష్ట్రాలూ ఈ విషయంలో దేశ సగటును కూడా దాటి కిందికి రాలేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా అడగవలసింది భర్త చేతి దెబ్బల గురించి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ భాగానికి ప్రత్యేక నియమాలున్నాయి. ఒక ఇంట్లో అర్హులైన ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నా ఒక్కరినే ఎంచుకుని అడుగుతారు. ఇద్దరిని అడిగితే ఏమడిగారో ఇంట్లో తెలిసిపోతుంది, తర్వాత ఆమెకే ప్రమాదం. అడిగేది ఆడమనిషే. చుట్టుపక్కల ఎవరూ లేరని నిర్ధారించుకున్నాకే మొదలుపెట్టాలి. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం వదిలేయాలి. మధ్యలో అత్తగారు మంచినీళ్ల గ్లాసుతో వచ్చిందనుకోండి, మాట అక్కడితో ఆగుతుంది. పిల్లల టీకాల సంగతో, ఇంకొకటో మాట్లాడి, ఆవిడ లోపలికి వెళ్లాక గానీ తిరిగి ఎత్తుకోరు. ప్రశ్న కూడా హింస అనే మాటతో ఉండదు. మీ మీద హింస జరిగిందా అంటే చాలామంది లేదనే అంటారు. అందుకే చెంపదెబ్బ కొట్టాడా, చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టి లాగాడా, తోశాడా, తన్నాడా, ఇలా ఒక్కొక్కటీ విడిగా అడుగుతారు. ఈ పద్ధతికి మూలం 1970లలో అమెరికాలో ముర్రే స్ట్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్త తయారుచేసిన కొలమానం.

అలా అడిగితే, పెళ్లయిన 18-49 ఏళ్ల స్త్రీలలో భర్త చేతిలో శారీరక హింసో లైంగిక హింసో అనుభవించినవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం అని తేలింది. అదే సర్వేలో ఇంకో ప్రశ్న. చెప్పకుండా బయటికి వెళితే, వంట సరిగ్గా చేయకపోతే, ఎదురు మాట్లాడితే, అత్తమామలను గౌరవించకపోతే, ఇలా ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. కనీసం ఒకదానికి సబబేనన్న స్త్రీలు రెండు రాష్ట్రాల్లోనూ 83 శాతానికి పైనే.

ఈ అంకె పత్రికల్లో వచ్చినప్పుడు మన ఆడవాళ్లు దెబ్బలను సమర్థిస్తున్నారని వ్యాఖ్యలు వచ్చాయి. నేను అలా చదవను. లోకం ఎలా నడుస్తుందో ఆమెకు తెలుసు, ఆ తెలిసినదాన్ని చెప్పింది. ఇంట్లో, ఊళ్లో, సినిమాల్లో ఆమె విన్న తీర్పు అది. సింగూరు వితంతువు నా ఆరోగ్యానికేం అన్నట్టే ఇదీ. ఒక అంకెను ఆమె అభిప్రాయంగా చదవడానికి, ఆమె బతుకు మీద ఇతరుల తీర్పుగా చదవడానికి ఎంతో తేడా ఉంది. ఆ తేడా తెలియాలంటే సర్వే ఒక్కటే సరిపోదు. ఆమె దగ్గర గంటల తరబడి కూర్చుని వినే మనిషి కావాలి.

ఇంటి పని సంగతి ఇంకొకటి. మీరేం చేస్తారమ్మా అని అడిగితే మన ఆడవాళ్లు చాలామంది ఇచ్చే జవాబు, ఏం చేయనండీ, ఇంట్లోనే ఉంటాను అని. జాతీయ గణాంక కార్యాలయం చేసే కాల వినియోగ సర్వే ఆ జవాబు దగ్గర ఆగదు. తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు తెల్లవారుజామున 4 దాకా, అరగంటకొకసారి ఏం చేశారో రాసుకుంటుంది. నాలుగున్నరకు వాకిలి ఊడ్చి ముగ్గు. ఐదుకు నీళ్లు పట్టడం. ఐదున్నరకు పొయ్యి మీద పాలు, పక్కన పిల్లకు జడ, లోపలి నుంచి మామగారు మందుబిళ్ల అడుగుతుంటే ఆ మాటకు బదులు. ఒకే అరగంటలో మూడు పనులుంటే అవీ నమోదవుతాయి. 2019లో ఈ లెక్క తీస్తే, జీతం లేని ఇంటిపనిలో పాలుపంచుకున్న ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లు 97. అది కూడా ఆ రోజు ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ల సగటు మాత్రమే. అసలు ముట్టుకున్నవాళ్లే నాలుగో వంతు. 2024లో మళ్లీ చూస్తే ఆడవాళ్లకు 289 నిమిషాలు, మగవాళ్లకు 88. ఐదేళ్లలో ఇంటింటా గ్యాసు, మిక్సీ పెరిగాయి, చేతులు మారలేదు. ఏం చేయనండీ అన్న మనిషి రోజుకు దాదాపు ఐదు గంటలు పనిచేస్తోంది!

ఒక్కోసారి ప్రభుత్వం చేసే చట్టమే పరిశోధకులకు ప్రయోగశాల అవుతుంది. దీనికి మన రాష్ట్రమే మంచి ఉదాహరణ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పుట్టుకతోనే కూతురికి కూడా పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. అయితే మన చట్టంలో ఒక షరతు ఉంది. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు ముందు ఏడు పెళ్లయింది కాబట్టి వాటా లేదు, చెల్లెలికి ఉంది. అక్కాచెల్లెళ్లకు అన్యాయంగా తోచే ఈ గీత పరిశోధకులకు గొప్ప ఆధారం. గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్ల జీవితాలు పోల్చి, చట్టం నిజంగా ఏం మార్చిందో చూడవచ్చు. మన రాష్ట్రంతో పాటు ఇలాంటి సవరణలు తెచ్చిన ఇతర రాష్ట్రాల లెక్కలు తీసిన సంచారి రాయ్ అనే ఆర్థికవేత్త ఆలోచించవలసిన సంగతి కనిపెట్టారు. చట్టం వచ్చాక కూడా కూతుళ్ల చేతికి భూమి పెద్దగా రాలేదు. తండ్రులు ముందే కొడుకుల పేరిట దానపత్రాలు రాశారు. కానీ ఆ వాటాకు బదులన్నట్టు కూతుళ్లకు చదువు చెప్పించారు, కట్నాలు పెంచారు. చట్టం తలుపు తట్టింది. ఇల్లు కిటికీలోంచి జవాబిచ్చింది.

కట్నం అనగానే ఒకే రకం చిత్రం మన కళ్లకు కడుతుంది. కోస్తా ఆంధ్ర సంపన్న రైతు కుటుంబాల మీద పనిచేసిన కారల్ ఉపాధ్య 1990లో రాసిన పరిశోధనలో చిత్రం వేరుగా ఉంది. అక్కడ కూతురికి పొలమే ఇచ్చి పంపడం ఉండేది, అది ఆమె ఆస్తిగానే లెక్క. రానురాను డబ్బు రూపం పెరిగింది, ఆమె చేతి నుంచి జారింది. తర్వాత కథను షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త అందుకున్నాడు. సిడ్నీలో, హైదరాబాదులో మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల మధ్య తిరిగి, 2007లో పుస్తకం తెచ్చాడు. అమెరికా, ఆస్ట్రేలియా వీసాలకు, అమీర్‌పేట శిక్షణలకు, మనుషులను కంపెనీలకు సరఫరా చేసే ఏజెన్సీలకు కట్నాల డబ్బు ఎలా పెట్టుబడి అవుతోందో చూపించాడు. ప్రపంచ సాఫ్ట్‌వేర్ పరిశ్రమ నడవడానికి కోస్తా జిల్లాల ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా ఖర్చు పెట్టుకున్నారన్నమాట. ఇది ఏ ఆర్థిక నివేదికలోనూ కనిపించదు. పెళ్లి మాటల దగ్గర కూర్చున్న మనిషికే కనిపిస్తుంది.

ఒకసారి వెళ్లి అడిగి వచ్చేస్తే తెలియనివి కొన్నుంటాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ‘యంగ్ లైవ్స్’ అనే అధ్యయనం 2002 నుంచి మన రెండు రాష్ట్రాల్లో సుమారు 3,000 మంది పిల్లలను వాళ్ల బాల్యం నుంచి వెంట నడిచి చూస్తోంది. అదే పిల్లల దగ్గరికి కొన్నేళ్లకొకసారి మళ్లీ మళ్లీ వెళతారు. పదిహేనేళ్లకు బడి మానేసిన ఆడపిల్ల, బడిలో ఉన్న పిల్ల కన్నా ఎంతో తొందరగా పెళ్లిపీటలెక్కుతోందని తేలింది అలాగే. ఎనిమిదేళ్లప్పుడు టీచరునవుతానన్న పిల్ల పంతొమ్మిదేళ్లకు ఏమయిందో, మధ్యలో ఏ ఏడు ఏది తెగిందో చూపించగలిగేది ఇలాంటి పని ఒక్కటే. దీనికి డబ్బు కావాలి, దశాబ్దాల ఓర్పు కావాలి. మన విశ్వవిద్యాలయాలు సొంతంగా ఇటువంటివి చేపట్టాలని నా గట్టి కోరిక.

ఏ లెక్కలోనూ సరిగ్గా పడనివాళ్లు కూడా ఉన్నారు. 2011 జనగణనలో విడాకులు తీసుకున్నామని చెప్పినవాళ్లు సుమారు 13 లక్షల 60 వేలు. విడాకులు లేకుండా విడిపోయి ఉంటున్నామన్నవాళ్లు దానికి దాదాపు మూడు రెట్లు. భర్త వదిలేసిన మనిషి పుట్టింట్లో ఉంటే, ఇంటి యజమాని ఆమె సంగతి ఏమని రాయించి ఉంటాడు? పెళ్లయింది అని. ఆ ఒక్క మాటతో ఆమె కాగితం మీద సంసారిగా మిగిలిపోతుంది. ఒంటరి మహిళ పింఛను ఎంతమందికి కావాలో లెక్క తేలకపోవడానికి ఇదీ ఒక కారణం.

అందుకని శ్రోతలకు నాదొక విన్నపం. జనగణన వాళ్లో, ఆరోగ్య సర్వే వాళ్లో, విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన విద్యార్థులో మీ గుమ్మం ముందు నిలబడితే, గుర్తింపు కార్డు చూసి కూర్చోమనండి. జనగణనలో చెప్పింది రహస్యంగా ఉంటుంది. 1948 నాటి చట్టం ప్రకారం ఆ వివరాలను కోర్టులో సాక్ష్యంగా కూడా పెట్టడానికి వీల్లేదు. పిల్లల వయసులు ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. మీ అమ్మాయి భర్త దగ్గర లేకపోతే లేదని చెప్పండి, అందులో తలవంపులు ఏమీ లేవు. మీ ఇంటి ఆడవాళ్లతో విడిగా మాట్లాడాలంటే మగవాళ్లూ, అత్తగార్లూ కాసేపు బయట వసారాలో కూర్చోండి. కోడలు ఏం చెప్పిందని తర్వాత అడగకండి. ఇంట్లో ఏం చేస్తావమ్మా అన్న ప్రశ్నకు, అమ్మా, మీరు మాత్రం ఏం చేయనండీ అనకండి. తెల్లవారుజాము నాలుగు గంటల నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పండి.